మైనం లేని జానెడు

ఏప్రిల్ 16, 1975, బుధవారం

నిన్నటి బడ్జెట్‌లో సరదా పడవలను కూడా విలాసవస్తువుల్లో కలిపేశారు. టీవీలు, బొచ్చుకోట్లు, నగలు, వాటి పక్కన పడవలు కట్టే మేము. ఇకనుంచి పడవ ధర మీద పావువంతు పన్ను.

నారిస్ పొద్దున షెడ్డులోకి వస్తూనే, "హిల్డక్కా, ఇవాళ్టి నుంచి నన్ను కాస్త మర్యాదగా పిలవండి. నేను విలాసాలు తయారుచేసేవాణ్ణి," అన్నాడు. రెజిన్ జిగురు అట్టలు కట్టిన అతని ప్యాంటు విప్పి నేలమీద పెడితే దానంతటది నిలబడుతుంది. విలాసమట!

సిసిల్ అన్నయ్య నవ్వలేదు. రేడియో కట్టేసి, రంపం తీసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. అక్కడ కొయ్యాల్సింది ఏమీ లేదని మా అందరికీ తెలుసు.

ఏప్రిల్ 28, సోమవారం

ఇంకో ఆర్డరు పోయింది. సౌతాంప్టన్ పళ్ళ డాక్టరు. ఆయన సీట్లకి నీలం తోలుగుడ్డ కత్తిరించి కూడా పెట్టాను.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని టీ తాగుతూ వింటే మెడీనా నది ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఒక్క చప్పుడు లేదు. నేను పెళ్ళీడుకొచ్చిన రోజుల్లో ఇక్కడ మాట్లాడుకోవాలంటే అరవాల్సి వచ్చేది. ఎదురుగా డయ్యర్ల షెడ్డులో ఇప్పుడు కార్పెట్లు అమ్ముతున్నారు. దాని పక్కది కారవాన్లు పెట్టుకునే చోటు. మిగిలింది మేమే. మేమంటే మా అన్నయ్య, నారిస్, ఇద్దరు వడ్రంగులు, సీట్లు కుట్టి లెక్కలు రాసే నేను.

ఓరిన్ మ్యూ మాత్రం తన ఆర్డరు వెనక్కి తీసుకోలేదు. బెంబ్రిడ్జ్ నుంచి గాలాలతో చేపలు పట్టేవాళ్ళని సముద్రంలోకి తీసుకెళ్ళి బతుకుతాడు. సైకిలు మీద వచ్చి, "సిసిల్ మావా, పన్ను సంగతి తర్వాత. నా పడవ నాకు కావాలి," అని చెప్పి, నేనిచ్చిన కేకు జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

మే 9, శుక్రవారం

సముద్రం అవతలి ఒడ్డు నుంచి, అంటే మా దీవి దాటి ఇంగ్లండు వైపు నుంచి, ఒక పెద్ద కంపెనీ మనిషి వచ్చాడు. పేరు లయొనెల్ స్ట్రౌడ్. బూట్లకు రెజిన్ అంటుకోకుండా మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. వాళ్ళకి మా షెడ్డు వద్దు, మేం వద్దు. పడవ పెంకులు పోత పోసే మా అచ్చు కావాలి. అచ్చుతో పాటు ఆట్రిల్ అనే మా ఇంటిపేరు కూడా.

"చిన్న చిన్న మార్పులే చేస్తాం సార్," అన్నాడు అన్నయ్యతో. "పైన ఒక గది, కిటికీలకి తెరలు, చిన్న స్టవ్వు. అడుగున కోసుగా ఉండే వెన్ను కాస్త చదును చేస్తాం. రేవులో ఊగకుండా ఉంటుంది."

అన్నయ్య టీ కప్పు కింద పెట్టాడు. "వెన్ను చదును చేస్తే అల మీద పడ్డప్పుడు విరుగుతుంది."

"పడవ విరగదు సార్, మా ఇంజనీర్లు లెక్క చూశారు."

"పడవ వెన్ను కాదయ్యా. అందులో కూర్చున్నవాడి వెన్ను."

స్ట్రౌడ్ నవ్వాడు. మంచి పళ్ళు. "మా కస్టమర్లు అలల్లోకి ఎక్కడ పోతారండీ? రేవులో కట్టేసుకుని టీ తాగుతారు."

"ఎప్పుడో ఒక ఆదివారం పోతారు. నా పేరు చూసి ధైర్యంగా పోతారు."

నేనే మధ్యలో దూరి బిస్కెట్లు అందించాను. ఈ అమ్మకం జరిగితే రెజిన్ కొట్టువాడి బాకీ తీరుతుంది, మనుషులకు రావలసింది వస్తుంది, నేను వెంట్నర్‌లో ఆ చిన్న బంగళా కొనుక్కోవచ్చు. వంటింటి కిటికీలోంచి సముద్రం కనిపించే బంగళా. అన్నయ్యకు చెప్పకుండా వెళ్ళి చూసొచ్చాను.

మే 10, శనివారం

ఆ అచ్చు గురించి నేనెప్పుడూ ఎక్కడా రాసుకోలేదు. పోయేలోగా రాసుకోవాలి.

నది అంచులు గడ్డకట్టిన ఆ చలికాలంలో అన్నయ్య దాని మూలరూపాన్ని చెక్కతో చేశాడు. దాని మీంచి తీసిన అచ్చే ఇది. కొలతలు కాగితం మీద ఉండేవి గాని వాటిని చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని, అరచేతిని ముక్కు నుంచి వెనక పలక దాకా జార్చుకుంటూ వెళ్ళేవాడు. ఎక్కడో ఆగేవాడు. ఆగిన చోట నాకేమీ కనిపించేది కాదు. చిత్రిక రెండుసార్లు పట్టి మళ్ళీ జార్చేవాడు. క్రిస్మస్ నాడు భోజనంలో కాల్చిన బాతు కోస్తూ కోస్తూ కత్తి వదిలేసి లేచాడు. "ఏమైందిరా?" అని అమ్మ అడిగితే, "ఎడం పక్క ఒక ఎత్తు ఉందే అమ్మా, ఇప్పుడు చెయ్యికి గుర్తొచ్చింది," అని కోటు వేసుకుని షెడ్డుకి పోయాడు. నేను తిడుతూ వెనకే వెళ్ళాను, దీపం పట్టుకుని నిలబడ్డాను. ఎత్తు ఉంది. వెలుతురు అడ్డంగా పడితే తప్ప కనిపించని ఎత్తు. నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. మా అన్నయ్య ముందు అలా నిలబడటం నాకు నచ్చదు గాని, నిలబడ్డాను.

ఆ అచ్చులోంచి వచ్చిన మొదటి పడవ కౌస్ నుంచి టార్కీ దాకా జరిగే పందెంలో పరిగెత్తింది. గెలవలేదు. కాని పోర్ట్‌లాండ్ కొస దగ్గర అల లేచినప్పుడు డబ్బున్న వాళ్ళ పడవలు పిడుగులు పడ్డట్టు నీళ్ళ మీద పడుతుంటే, మాది గాల్లోకి లేచి చప్పుడు లేకుండా దిగిందట. ఎన్నిసార్లు లేస్తే అన్నిసార్లూ. తీరం మీదున్న, ఓడలకి దారిచూపే పాత పైలట్ ఒకాయన టోపీ తీశాడని చెప్పుకున్నారు. నేను చూడలేదు. నేనెప్పుడూ వేగంగా పోయే పడవ ఎక్కలేదు. నాకు కడుపులో తిప్పుతుంది.

మే 23, శుక్రవారం

సంతకాలయ్యాయి. అందులోంచి ఓరిన్ పడవ ఒక్కటి తీశాక అచ్చు వాళ్ళది. అప్పగించిన రోజే డబ్బు. అన్నయ్య సంతకం పెడుతుంటే కలం ఎక్కడా ఆగలేదు. నేనేదో భయపడ్డాను గాని, మనిషి బాగానే ఉన్నాడు. మధ్యాహ్నం చేపలూ చిప్సూ తెప్పించాడు, అందరికీ.

నాకు బాధ లేదు. అరవైకి దగ్గర పడ్డాను. కిటికీలోంచి సముద్రం.

జూన్ 4, బుధవారం

ఏం జూన్ ఇది! ఉత్తరాన క్రికెట్ మైదానం మీద మంచు పడి ఆట ఆపేశారని రేడియో. నారిస్ హీటర్లు రెండూ అచ్చు కింద పెట్టి, తను కోటు వేసుకుని తిరుగుతున్నాడు. "చంటిపిల్లకి కూడా ఇంత సేవ చెయ్యలేదక్కా," అంటాడు.

మైనం మొదలుపెట్టాను. ఈ పని మొదటి నుంచీ నాదే. అచ్చు లోపలంతా మైనం పట్టి, ఆరనిచ్చి, గుడ్డతో మెరిసేదాకా రుద్ది, మళ్ళీ పట్టాలి. అలా ఆరు పూతలు. ఆ మైనం మీద పైపూత, దాని మీద గాజునార చాపలూ రెజినూ. మైనం సరిగ్గా ఉంటే పడవ పెంకు అచ్చులోంచి సబ్బులా జారి వస్తుంది. ఎక్కడైనా లేకపోతే రెండూ ఒకటైపోతాయి, దేవుడు దిగొచ్చినా విడదీయలేడు. అందుకే మా షెడ్డులో ఒక కట్టుబాటు. నేను అచ్చంతా చెయ్యి జార్చి చూసి "సరే" అనాలి. అనేదాకా నారిస్ బ్రష్షు ముంచడు.

భుజం పోయింది. కాని మూడో పూత రుద్దాక లోపలికి వంగితే నా ముఖం కనిపించింది, వెనక షెడ్డు కప్పూ, గొలుసులూ, కిటికీలో మబ్బూ. ఇన్నిసార్లు చూశాను, అయినా ప్రతిసారీ చర్చిలో ఉన్నట్టే గొంతు తగ్గించి మాట్లాడతాను. నవ్వొస్తుంది. కాని తగ్గిస్తాను.

జూన్ 7, శనివారం

ఆరో పూత అయింది. నా జన్మలో ఇంత బాగా ఎప్పుడూ పట్టలేదు. ఆఖరిది కదా.

జూన్ 8, ఆదివారం

అన్నయ్య భోజనానికి వచ్చాడు. రెండు చేతులూ ఎర్రగా కందిపోయి, వేళ్ళ సందుల్లో పొక్కులు. ఆయన చర్మానికి జిడ్డు తుడిచే థిన్నర్ పడదు, అందుకే రెజిన్ పని వైపు ఎప్పుడూ పోడు, చెక్క పనే. ఏమైందంటే "దురదగొండి" అన్నాడు. తోటలో పీకాడట.

దురదగొండే అయుంటుంది. ఆయన ఇంటి వెనక ఎప్పుడూ ఉండేదే. పుడింగ్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

జూన్ 9, సోమవారం

అచ్చు మీద చెయ్యి వేసి చూశాను. సరే అన్నాను. నారిస్ పైపూత మొదలుపెట్టాడు. అంతా బాగానే ఉంది.

జూన్ 10, మంగళవారం

అంతా బాగానే ఉంది.

జూన్ 19, గురువారం

గాజునార పని పూర్తయింది. ఆరబెడుతున్నారు. అన్నయ్య చేతులు తగ్గాయి. ఓరిన్ సీట్లు కుడుతున్నాను, ఆకుపచ్చ. పనివాడికి తెలుపు ఎందుకు, చేప నెత్తురు మరకలు.

జూన్ 27, శుక్రవారం

పడవ రాలేదు.

మామూలుగా ఆ రోజు మాకు పండగలాంటిది. అంచు చుట్టూ చెక్క చీలికలు దిగ్గొట్టి, సందులోకి గొట్టంతో నీళ్ళు వదులుతారు. ఎక్కడో "ఫట్" మంటుంది. తర్వాత పెంకు మొత్తం ఒక్క నిట్టూర్పు విడుస్తుంది. నిజంగానే మనిషి విడిచినట్టు ఉంటుంది. గొలుసులతో పైకి లాగగానే నేను వెళ్ళి దాని ఒంటిమీద మొదటి చరుపు చరచాలి, మంత్రసాని బిడ్డని చరిచినట్టు. అప్పుడు బీరు.

ఇవాళ పక్కలు రెండూ విడిచాయి. ఫట్ మంది, నిట్టూర్చింది. అందరూ కేక వేశారు. గొలుసులు లాగితే పెంకుతో పాటు అచ్చు కూడా లేచింది. కింది దిమ్మల మీంచి మొత్తం. నారిస్ ముఖం పాలిపోయింది.

"దించండి, దించండి!" అని అరిచాడు. దించారు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ చీలికలు. అచ్చు కింద పడుకుని, చెవి ఆనించి, చెక్క సుత్తితో కొట్టుకుంటూ వెళ్ళాడు. లేచేసరికి జుట్టంతా తడి. "వెన్ను దగ్గర పట్టేసిందక్కా. ముక్కు నుంచి చివరి దాకా. పక్కలన్నీ ఊడాయి, వెన్ను మాత్రం పట్టేసింది."

అందరూ నావైపు చూశారు. చూడరా మరి? మైనం నాది.

"చలి," అన్నాను. "చలికి మైనం సరిగ్గా ఆరలేదేమో."

"పక్కల్లో ఆరి వెన్నులో ఆరదా? అక్కా, ఇన్నేళ్ళలో మీ మైనం ఒక్కసారి తప్పలేదు."

అన్నయ్య చేతులు జేబుల్లో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి నదిని చూస్తున్నాడు. పోటు తగ్గి నీళ్ళు దిగిపోతున్నాయి. "ఇవాళ్టికి ఇళ్ళకి పోండి," అన్నాడంతే.

అచ్చు కొయ్యాలి, లేదా పడవ కొయ్యాలి. రెండూ దక్కవు. సోమవారం స్ట్రౌడ్ వస్తున్నాడు.

జూన్ 29, ఆదివారం

చలి వల్లే అయుంటుంది.

జూన్ 30, సోమవారం

స్ట్రౌడ్ వెంట వాళ్ళ ఫోర్‌మన్ ఒకడు వచ్చాడు. ఆ ఫోర్‌మన్ చూడగానే విషయం పట్టేశాడు. అచ్చు చుట్టూ తిరిగి, అంచు సందులోకి టార్చి వేసి, "ఇది చలికి కాదండీ," అన్నాడు. "మైనం లేదు. ఎవరో పట్టలేదు. లేకపోతే పట్టాక తుడిచారు."

స్ట్రౌడ్ చూపు అన్నయ్య చేతుల మీద పడింది. అన్నయ్య వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు. స్ట్రౌడ్ ఎందుకు చూశాడో తెలీదు. అందరూ మనుషుల చేతుల్నే చూస్తారు కాబోలు.

"నేను పట్టలేదు," అన్నాను.

ఫోర్‌మన్ టార్చి ఆర్పాడు.

"మిస్ ఆట్రిల్ గారూ, అంటే?"

"వెన్ను దగ్గర వదిలేశాను. వంగి రుద్దాలంటే భుజం నెప్పి. పెద్దదాన్నయ్యాను, మర్చిపోయాను. మీ అమ్మగారు ఎప్పుడూ పొయ్యి ఆర్పడం మర్చిపోలేదా?"

నారిస్ నోరు తెరిచాడు. నేను చూసిన చూపుకి మూసేశాడు. అన్నయ్య జేబుల్లోంచి చేతులు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

స్ట్రౌడ్ ఒక ముసలిదానితో పోట్లాడే రకం కాదు. జాలిపడే రకం. అది ఇంకా ఒళ్ళు మండించింది. "సరే, జరిగిందేదో జరిగింది. పెంకుని లోపల్నుంచి ముక్కలు చేసి తీసేయండి. అచ్చుకి గీతలు పడితే మేం సరిచేసుకుంటాం. వెన్ను ఎలాగూ చదును చేసేదే కదా."

అప్పుడు అన్నయ్య మాట్లాడాడు. "పెంకు ఓరిన్ మ్యూది. మాటిచ్చాను. అచ్చు మీ చేతిలో పెట్టేదాకా నాది. నాదాన్నే కోస్తాను."

"అచ్చు లేకపోతే బేరం లేదు, మిస్టర్ ఆట్రిల్. ఒక గాలాల పడవ కోసం..."

"గాలాల పడవే."

"మీ చెల్లెలి సంగతి? మీ పనివాళ్ళ సంగతి?"

అన్నయ్య నావైపు చూడలేదు. నేలని చూశాడు. అడగాల్సిన మాటే అడిగాడు స్ట్రౌడ్, అది నిజం. వాళ్ళ కారు ఫెర్రీకి పోయేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత నారిస్ బ్రష్షు నేలకేసి కొట్టాడు. "నా జీతం మాటేంటి మేస్త్రీ? పిల్లదాని పెళ్ళి సెప్టెంబరులో. పడవకిచ్చిన మాట గుర్తుంది గాని మాకిచ్చిన మాట గుర్తులేదా?"

"శనివారం ఇస్తా," అన్నాడు అన్నయ్య.

"ఎక్కణ్ణుంచి?"

"ఇల్లు అమ్మేశా. మీ బావమరిదికే. నిన్న."

జూలై 4, శుక్రవారం

అచ్చు కోశారు.

ముక్కు దగ్గర నుంచి రంపం పెట్టింది అన్నయ్యే. ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. ముఖానికి గుడ్డ కట్టుకుని, చేతులకు నా వంటింటి రబ్బరు తొడుగులు వేసుకుని కోస్తుంటే, తెల్లటి దుమ్ము షెడ్డంతా లేచి, కిటికీ వెలుతుర్లో తిరుగుతూ మా మీద పడుతోంది. తను చేసినదాన్ని తనే కోసుకుంటున్నాడు. ఎక్కడ ఎంత మందం ఉందో చేతికి తెలుసు గనక లోపలి పెంకుకి పన్ను తగలనివ్వడం లేదు. వడ్రంగులిద్దరూ టోపీలు తీసి నిలబడ్డారు. ఎవరూ తియ్యమనలేదు.

పక్క ముక్కలు ఊడి పడ్డాయి. అబ్బ, ఏం మెరుపు! లోపల పడవ ఒళ్ళు చెరువులో చంద్రుడిలా ఉంది. నా మైనం పట్టిన ప్రతి అంగుళం అద్దం. ఏడ్చేశాను. దుమ్మని చెప్పాను.

తర్వాత పడవని తిరగేసి వెన్నుకి అంటుకుపోయిన అచ్చు పట్టీ ఒలిచారు. అక్కడ పైపూత చీలి, పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయి, గాజునార బయటికి కనిపిస్తోంది. జానెడు వెడల్పు. ముక్కు నుంచి వెనక పలక దాకా. ఆ జానెడుకి రెండు పక్కలా అంచులు చూస్తే, కొలబద్ద పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. ఒక్క చోట వంకర లేదు.

నారిస్ ఒక అంచుకి కన్ను ఆనించి చివరి దాకా చూశాడు. వెనక్కి వచ్చి ఇంకో అంచుకి ఆనించి చూశాడు. తర్వాత నా చెవి దగ్గరకి వచ్చి, "అక్కా, మర్చిపోయిన చోటుకి ఇంత తిన్నటి అంచులు ఉంటాయా?" అన్నాడు.

"ఉంటాయి," అన్నాను.

"సుద్దదారం కొట్టి మరీ తుడిచాడు! పాడుపని చేసేటప్పుడు కూడా తిన్నగానే చెయ్యాలా ఈ మనిషి?" అని, నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. కోపంగానే నవ్వుతున్నాడు. మేస్త్రీ దగ్గరకి వెళ్ళి, ఎదురుగా నిలబడి, "నీయబ్బ," అన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. అన్నయ్య తల ఊపాడు. ఇద్దరూ కలిసి పట్టీని మోసుకెళ్ళి బయట పడేశారు.

పడవ ఒంటిమీద మొదటి చరుపు నేనే చరిచాను. గట్టిగా.

జూలై 20, ఆదివారం

అన్నయ్య సామాను మా ఇంటికి వచ్చింది. రెండు గదుల ఇంట్లో మూడు చిత్రికలు, ఒక బర్రె అంత కుర్చీ, మనిషి. గురక గోడల్ని చిత్రిక పడుతోంది.

వెంట్నర్ బంగళా ఎవరో రిటైరైన టీచరు కొనుక్కుందట. దానికి మెట్లు ఎక్కువ. కిటికీ కూడా అనుకున్నంత పెద్దది కాదు.

ఆగస్టు 16, శనివారం

రోజూ అన్నయ్య ఆ జానెడునే పట్టుకుని కూర్చుంటున్నాడు. పుట్టీ పెట్టడం, పొడుగాటి చెక్కకి గరుకు కాగితం చుట్టి రుద్దడం, కళ్ళు మూసుకుని చెయ్యి జార్చడం. నారిస్ హోవర్‌క్రాఫ్ట్ అనే గాలి పడవల ఫ్యాక్టరీలో చేరాడు, అయినా సాయంత్రం ఇటే వస్తాడు. "అక్కడ అందరూ చేతులు కడుక్కుంటారక్కా, నాకు సిగ్గేస్తోంది," అంటాడు. జానెడు దగ్గర అన్నయ్య పక్కన కూర్చుంటాడు. గరుకు కాగితం అరిగితే కొత్తది చింపి ఇస్తాడు.

ఆట్రిల్ పేరుతో ఇక ఎక్కడా పడవ రాదు. స్ట్రౌడ్ వాళ్ళు ఇంకెవరిదో అచ్చు కొన్నారట. నదికి ఆవలి ఒడ్డున డయ్యర్ల షెడ్డు మీద కార్పెట్ల బోర్డు రంగు మార్చారు.

సెప్టెంబరు 14, ఆదివారం

ఇవాళ పడవ ఎక్కాను.

ఓరిన్ చెయ్యి పట్టుకుని లాగాడు. "హిల్డత్తా, నీ సీట్ల మీద నువ్వే కూర్చోకపోతే ఎట్లా? తిప్పితే బయటికి వాంతి చేసుకో, ఆకుపచ్చ సీటు పాడుచెయ్యకు," అని. నారిస్ రేవు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాడు, కూతురి పెళ్ళికి కుట్టించుకున్న కొత్త సూటులో.

అన్నయ్య అప్పటికే లోపల కూర్చున్నాడు. నది దాటేదాకా ఓరిన్ మెల్లగా పోనిచ్చాడు. కౌస్ దాటాక పక్కకి జరిగి స్టీరింగు చక్రం అన్నయ్యకిచ్చాడు. ఇంజను గొంతు మారింది. ముక్కు లేచింది, సీటు నన్ను వెనక్కి నొక్కింది, నేను కళ్ళు మూసుకుని అమ్మని తలుచుకున్నాను. పడమటి కొసన నీడిల్స్ రాళ్ళ దగ్గర సముద్రం లోపలికి వచ్చే చోట అలలు మొదలయ్యాయి. కొండంతవి కాదు గాని, నాకు చాలు. పడవ మొదటి అల ఎక్కింది, దాని మీంచి గాల్లోకి వెళ్ళింది. నిజంగా గాల్లోకి. ఇంజను గాల్లో అరిచింది. ఇప్పుడు పడుతుంది, నా నడుం విరుగుతుంది అనుకుని పళ్ళు బిగబట్టాను.

పడలేదు. దిగింది. అమ్మ నిద్రపోతున్న పిల్లని పక్కమీద దించినట్టు దిగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. కళ్ళు తెరిచాను. రెండు పక్కలా నీళ్ళు తెల్లటి గోడల్లా లేచి విరిగి పడుతున్నాయి, మధ్యలో మేం చప్పుడు లేకుండా పోతున్నాం. వెనక్కి తిరిగి చూస్తే మేం వచ్చిన దారి నీళ్ళ మీద తెల్లగా, తిన్నగా, కనుచూపు మేర. ఇన్నేళ్ళూ నేను సీట్లు కుట్టింది దీనికా? పాత పైలట్ టోపీ తీశాడంటే అతిశయం అనుకున్నాను. నాకు టోపీ లేదు, తలగుడ్డ విప్పేశాను. గాలి లాక్కుపోయింది. పోనీ. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఓరిన్‌కి కూడా తెలియలేదు. ఇంత వింత నా అన్నయ్య అరచేతిలోంచి వచ్చిందని, ఆ చెయ్యి రోజూ నా బల్ల మీద రొట్టెకి వెన్న రాసుకుంటోందని తలుచుకుంటే ఇప్పటికీ రాయడం ఆపి ఆ బల్ల వైపు చూస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఇంజను తగ్గించారు. ఓరిన్ వెనక్కి వెళ్ళి తాళ్ళు సర్దుతున్నాడు. అన్నయ్య ముందుకే చూస్తూ అడిగాడు.

"వాడితో మైనం పట్టలేదని ఎందుకన్నావే?"

"మరి నువ్వు తుడిచావని చెప్పమన్నావా?"

"నీ బంగళా పోయింది. దాని కాగితం నీ సొరుగులో చూశా." చక్రం కాస్త తిప్పి, "నీకు చెప్పి ఉండాల్సింది. చెప్తే వద్దంటావని భయపడ్డా," అన్నాడు.

నేను కోటు గుండీ పెట్టుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు? ఒలిచినప్పుడా?"

"దురదగొండి అన్నావే, అప్పుడు."

చక్రం పట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి గాని మనిషి లెక్క వేసుకుంటున్నాడని తెలుస్తోంది. అన్నయ్య లెక్కలు నెమ్మది. "అది ఆదివారం కదా," అన్నాడు చివరికి. "పైపూత సోమవారం. సోమవారం పొద్దున నువ్వు చెయ్యి వేసి చూశావు."

"చూశాను."

"సరే అన్నావు."

"అన్నాను."

అన్నయ్య మొదటిసారి నావైపు తిరిగాడు. అంతసేపు నన్ను అలా ఎప్పుడూ చూడలేదు, ఆ క్రిస్మస్ నాడు నేను ఆయన్ని చూసినట్టు చూశాడు. చెయ్యి ఊరికే ఉండలేక, చెదిరిన నా జుట్టు చెవి వెనక్కి నెట్టాడు. మళ్ళీ చక్రం వైపు తిరిగి పడవని రేవుకి చేర్చాడు.

ఆ సోమవారం సంగతి ఇక్కడ రాసుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చెయ్యి కుడి పక్క జారింది, ఎడం పక్క జారింది. వెన్ను దగ్గరకి వచ్చేసరికి పట్టేసింది. పొడిగా, గరుకుగా, జానెడు మేర. మైనం డబ్బా నా కాలి దగ్గరే ఉంది. ఒక్క పూట పని. బ్రష్షు పట్టుకుని నారిస్ నా ముఖంలోకి చూస్తున్నాడు, "ఏమక్కా?" అంటున్నాడు. నాకు వెంట్నర్ కిటికీ కనిపించింది, దాంట్లోంచి సముద్రం కనిపించింది, ఆ సముద్రం మీద ఆట్రిల్ అని పేరు రాసుకుని, వెన్ను చదునైన ఒక పడవ అల మీంచి పడబోవడం కనిపించింది.

చెయ్యి తీసేసి, "సరే" అన్నాను.